దీపాల బల్ల వెనుక నుంచి చూసిన నాటకాలు

నాటకాల జ్ఞాపకాలు రాసేవారిలో ఎక్కువమంది వేషాలు వేసినవారో, దర్శకత్వం వహించినవారో అయి ఉంటారు. నేను ఆ రెండూ చేయలేదు. 1990ల తొలి ఏళ్లలో, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో, మా విద్యార్థి నాటక బృందం ఒక విద్యాసంవత్సరం పొడుగునా ఒకదాని తరువాత ఒకటిగా వేసిన ప్రయోగాత్మక నాటకాలన్నిటికీ లైటింగ్ చూసుకున్నాను. లైటింగ్ చూసే మనిషి సాధారణంగా ప్రేక్షకులందరికీ వెనుక కూర్చోవలసి ఉంటుంది. అక్కడి నుంచి రంగస్థలం ఎంత కనిపిస్తుందో, దాన్ని చూస్తున్నవారి తలలూ భుజాలూ అంతే కనిపిస్తాయి. ఎవరు ఎప్పుడు ముందుకు వంగారో, ఏ మాట దగ్గర వరసంతా కదలకుండా ఉండిపోయిందో, ఎక్కడి నుంచి దగ్గులూ గుసగుసలూ మొదలయ్యాయో ఆ చోట కూర్చున్నవారికి తెలిసినంతగా నటులకు తెలియదు. ఆ ఏడాది గురించి నేను చెప్పగలిగినదంతా ఆ చోటు నుంచి చూసినదే.

అంతకు ముందు మా క్యాంపస్‌లో నాటకమంటే పోటీకి వేసే నాటికే. తెర లేచేసరికి ఒక మధ్యతరగతి ఇంటి హాలు, మధ్యలో సోఫా, టీపాయి మీద వార్తాపత్రిక, కుడివైపు వీధి గుమ్మం, ఎడమవైపు వంటింటి గుమ్మం కనిపించేవి. ఇంటి పెద్ద పత్రిక చదువుకుంటూ ఉండగా ఎవరో ఒకరు లోపలికి వచ్చి సమస్యను మొదలుపెట్టేవారు; గంట తిరిగేలోపు ఆ సమస్య తీరిపోవాలి, ఎందుకంటే గడియారం చూసుకుంటూ న్యాయనిర్ణేతలు ముందు వరసలోనే కూర్చుని ఉండేవారు. ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తరువాత, పరిషత్తుల పోటీలే తెలుగు సాంఘిక నాటకానికి ఎందరో రచయితలనూ నటులనూ అందించాయి; సినిమా వచ్చి ప్రేక్షకులను తీసుకుపోయిన దశాబ్దాల్లో కూడా ఊరూరా నాటకం నిలబడి ఉన్నదంటే అందులో ఆ పోటీల పాత్ర చాలా పెద్దది. అయితే ఇరవై ఏళ్ల వయసులో ఉన్న మాకు ఆ హాలూ ఆ సోఫా ఇరుకుగా అనిపించేవి. సెట్టు ఎప్పుడూ ఒకటే అయినప్పుడు అందులోకి వచ్చి కూర్చునే మనుషులు కూడా ఒకే రకంగా మాట్లాడడం మొదలుపెడతారు. మా చుట్టూ ఉన్న చాలామంది జీవితాలకు అసలు సోఫా ఉన్న హాలే లేదు.

మా బృందానికి పెద్దగా ఉన్న పరిశోధక విద్యార్థిని మేమందరం అన్నా అని పిలిచేవాళ్లం. ఆ విద్యాసంవత్సరం మొదటి సమావేశంలో ఆయన మా ముందు ఒక ప్రతిపాదన పెట్టారు: ఈ ఏడాది ఏ పోటీకీ వెళ్లవద్దు, ప్రతి నాటకాన్నీ వేరే చోట, వేరే పద్ధతిలో వేద్దాం, ఎక్కడ వేసినా తెర మాత్రం కట్టవద్దు. పోటీలకు వెళ్లకపోతే బహుమతులు రావు, బహుమతులు రాకపోతే సాంస్కృతిక సంఘం నుంచి నిధులు రావడం కష్టమని కొందరు గట్టిగా వాదించారు. ఆ వాదన తప్పని ఎవరూ అనలేదు. ఆ ఏడాది నిధులు నిజంగానే సరిగ్గా రాలేదు. అయినా ఆ ప్రతిపాదనకే అందరం ఒప్పుకున్నాం.

అప్పటికి సఫ్దర్ హష్మీ మరణం ఇంకా పాత సంగతి కాలేదు. 1989 జనవరి 1న, ఢిల్లీకి ఆనుకుని ఉన్న సాహిబాబాద్‌లో ఆయన బృందం జన నాట్య మంచ్ ఒక వీధినాటకం ఆడుతుండగా దాడి జరిగింది. తీవ్రంగా గాయపడిన సఫ్దర్ మరునాడు చనిపోయారు. ఆయన వయసు 34 సంవత్సరాలు. జనవరి 4న ఆయన సహచరి మొలయశ్రీ హష్మీ బృందంతో సహా అదే చోటికి తిరిగి వెళ్లి, మధ్యలో ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. ఆ వార్తను గుర్తు చేసుకుంటూ మా రిహార్సల్ గదిలో ఎన్నో సాయంత్రాలు గడిచాయి. రాజకీయాల విషయంలో మా అందరి అభిప్రాయాలూ ఒకటి కావు, వాదించుకునేవాళ్లం. కానీ ఆగిపోయిన చోటికే తిరిగి వెళ్లి నాటకాన్ని పూర్తి చేయాలనుకున్న ఆ నిర్ణయం ముందు వాదనలన్నీ ఆగిపోయేవి.

మొదటి నాటకంగా బాదల్ సర్కార్ 1974లో రాసిన 'మిఛిల్'ను తీసుకున్నాం. దేశంలో చాలామందికి అది 'జులూస్' అనే హిందీ పేరుతో తెలుసు. బాదల్ సర్కార్ వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు, నగర నిర్మాణ ప్రణాళికల్లో పనిచేసిన మనిషి. మామూలు రంగస్థలం కోసం రాసిన 'ఏవం ఇంద్రజిత్' వంటి నాటకాలతో దేశమంతటా పేరు వచ్చిన తరువాత, ఆయన ఆ రంగస్థలాన్నే వదిలిపెట్టారు. పల్లెలోని జానపద ప్రదర్శనలు ఒక మార్గం, నగరంలోని తెరల రంగస్థలం మరొక మార్గం అయితే, ఎక్కడికైనా మోసుకుపోగలిగిన, ఖర్చు లేని, టికెట్టు కొనలేనివారి దగ్గరికి తానే నడిచి వెళ్లగలిగిన నాటకాన్ని ఆయన మూడో రంగస్థలం అన్నారు. 'మిఛిల్' ఆరంభంలో చీకటి, అందులో ఒక కేక. ఎవరో హత్యకు గురయ్యారని జనం అంటారు. ఎవరూ చనిపోలేదు, ఇళ్లకు పొమ్మని పోలీసు అంటాడు. రోజూ చంపబడుతున్న ఖోకా అనే కుర్రవాడు తాను చనిపోయానని చెబుతూ తిరుగుతున్నా వినేవారు ఉండరు. ఒకదాని వెనుక ఒకటిగా రకరకాల ఊరేగింపులు వస్తూ ఉంటాయి, పోతూ ఉంటాయి.

ఆ నాటకం కోసం ఒక పాత హాల్లో కుర్చీలన్నీ తీయించి, బల్లలను ఒక క్రమం లేకుండా వేసి, మధ్యమధ్య సందులు వదిలాం. ప్రేక్షకులు ఆ బల్లల మీద కూర్చుంటే నటులు ఆ సందుల్లో ఊరేగింపులుగా నడిచారు. లైటింగ్ బాధ్యత తీసుకున్న నేను రంగు కాగితాలతో, ఫోకస్ దీపాలతో పెద్ద ప్రణాళిక వేసుకుని వెళ్లాను. అన్న దాన్ని పూర్తిగా చదివి, మొదటి చీకటి తప్ప ఇందులో మనకు ఏదీ అవసరం లేదని, నటులకూ ప్రేక్షకులకూ ఒకే వెలుతురు ఉండాలని చెప్పారు. మామూలు నాటకంలో ప్రేక్షకులను చీకట్లో ఉంచుతాం. చీకట్లో ఉన్నవారికి తమను ఎవరూ చూడడం లేదన్న ధైర్యం ఉంటుంది. వెలుతురులో కూర్చోబెట్టిన ప్రేక్షకులు ఎదుటి బల్ల మీద కూర్చున్న మరొక ప్రేక్షకుణ్ని చూస్తారు. ఖోకా వచ్చి నేను చనిపోయానని చెప్పినప్పుడు తల తిప్పుకుంటే, అలా తిప్పుకున్న సంగతి ఎదుటివారికి తెలిసిపోతుంది. ప్రదర్శన రోజున నేను అదే చూశాను. మొదట్లో జనం నటుల కళ్లలోకి చూడలేక నేలవైపు చూశారు. నాటకం సగానికి వచ్చేసరికి సందులు సరిపోక నటులు నడుస్తున్నప్పుడు తమంతట తాము కాళ్లు వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. చివరి ఊరేగింపులో కొందరు లేచి నటులతో కలిసి నడిచారు. దీపాలతో ఏమీ చేయకపోవడం కూడా లైటింగ్ పనిలో భాగమేనని నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ హాలు చాలా చిన్నది కావడం మాకు కలిసివచ్చింది. ఆ రోజుల్లోనే మా అధ్యాపకులొకరు నాట్యశాస్త్రం రెండో అధ్యాయాన్ని మాతో చదివించారు. భరతుడు నాట్యగృహాన్ని దీర్ఘచతురస్రంగా, చతురస్రంగా, త్రికోణంగా మూడు ఆకారాల్లో చెబుతాడు. మనుషుల కోసం కట్టే నాట్యగృహం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు ఉండాలని, అంతకు మించి కట్టకూడదని చెప్పి దానికి కారణం కూడా ఇస్తాడు: మరీ పెద్దదైతే పలికిన మాట స్పష్టత కోల్పోతుంది, ముఖంలోని భావాలు ప్రేక్షకులకు అందవు. హస్తమంటే సుమారు అడుగున్నర అనుకుంటే ఆ కొలత 96 అడుగులకు 48 అడుగులు. వేల మంది పట్టే సభామంటపాల్లో, మైకుల ముందు వరసగా నిలబడి మాట్లాడే నాటకాలు చూసి పెరిగిన మాకు ఆ శ్లోకాలు ఆశ్చర్యం కలిగించాయి. మేము కొత్తగా కనుక్కున్నామని అనుకున్న దగ్గరితనాన్ని భరతుడు నాటకానికి తప్పనిసరి షరతుగా ఎప్పుడో రాసిపెట్టాడు.

రిహార్సల్స్ గురించి కొంత చెప్పాలి. సంభాషణలు చేతికి రాకముందే కొన్ని వారాల పాటు ఒళ్లు వంచే కసరత్తులు, ఊపిరి పట్టి వదిలే సాధన, ఒకరి కదలికను మరొకరు అద్దంలా అనుసరించే అభ్యాసాలు నడిచేవి. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగుగా చెబుతారు కదా, వాటిలో ఆహార్యానికి మా దగ్గర డబ్బు లేదు, సాత్త్వికం అడిగినంత మాత్రాన రాదు, కాబట్టి మిగిలిన రెండింటి మీదే శ్రమంతా పెట్టాం. ఒక వాక్యాన్ని గుసగుసగా పలికినా గది చివర కూర్చున్నవారికి వినపడాలి. అది గొంతు పెంచితే వచ్చేది కాదు, హల్లులను శుభ్రంగా పలికితే వచ్చేది. 'ళ'ను 'ల'గా, 'ణ'ను 'న'గా పలికేవారు నెలల తరబడి దిద్దుకున్నారు. అయితే యాసను మాత్రం ఎవరినీ మార్చుకోమనలేదు. ఎవరి ప్రాంతపు మాట వారి నోట్లోనే ఉండనివ్వాలన్నది అన్న పెట్టిన మరొక నియమం, నా దృష్టిలో ఆ ఏడాది తీసుకున్న నిర్ణయాలన్నిటిలో మంచిది.

దీపాల సామగ్రి విషయానికి వస్తే, విశ్వవిద్యాలయం స్టోరులో దొరికినవి కొన్ని ఫ్లడ్‌లైట్లు, రెండు స్పాట్‌లైట్లు, పక్కపక్కన స్లైడర్లున్న పాత డిమ్మర్ బోర్డు. దాన్ని బాగుచేసి ఇచ్చిన వృద్ధ ఎలక్ట్రీషియన్, డిమ్మర్లు దొరకని కాలంలో ఉప్పునీళ్లతో వెలుతురును ఎలా తగ్గించేవారో మాకు వివరించారు. కుండలో ఉప్పు కలిపిన నీళ్లు పోసి, అందులో రెండు లోహపు పలకలు ఉంచి, ఒకదాన్ని పైకి లాగితే దీపం మందగించేదట, కిందికి దింపితే వెలిగేదట. ప్రాణాల మీదికి తెచ్చుకునే పని అది. అయినా ఆ మాటలు విన్నాక నా ముందున్న బోర్డు మీద గౌరవం పెరిగింది. ఉత్పల్ దత్ బృందం 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో వేసిన 'అంగార్' నాటకంలో, బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకువచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ వెలుతురుతోనే సృష్టించారని ఆయనే మాకు చెప్పారు. తాను స్వయంగా చూసినట్లే, గనిలో నీళ్లు మెడదాకా వచ్చినట్లు చేతులతో చూపిస్తూ చెప్పారు.

రెండో నాటకంగా శామ్యూల్ బెకెట్ 'గోడో కోసం నిరీక్షణ'ను తెలుగు చేసుకుని ఆరుబయట రంగస్థలం మీద వేశాం. ఆ నాటకం 1953 జనవరి 5న పారిస్‌లో రోజే బ్లాఁ దర్శకత్వంలో మొదటిసారి ప్రదర్శితమైంది. ఇద్దరు మనుషులు ఒక చెట్టు దగ్గర ఎవరి కోసమో ఎదురుచూస్తారు, అతడు రాడు. రెండో అంకంలో మళ్లీ ఎదురుచూస్తారు, మళ్లీ రాడు. మన ప్రేక్షకులకు ఇది ఎక్కదని, పది నిమిషాల్లో లేచి వెళ్లిపోతారని చాలామంది హెచ్చరించారు. అప్పుడు అన్న మాకు కాలిఫోర్నియాలోని సాన్ క్వెంటిన్ జైలు కథ చెప్పారు. 1957 నవంబరు 19న అక్కడి 1400 మంది ఖైదీల ముందు ఈ నాటకాన్ని ఆడారు. అందులో స్త్రీ పాత్రలు లేకపోవడం దాన్ని ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం. పండితులు తలలు పట్టుకున్న ఆ నాటకం ఖైదీలకు వెంటనే అర్థమైంది, ఎదురుచూడడమంటే ఏమిటో వారికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. ఉద్యోగ ప్రకటనల కోసం, ఇంటర్వ్యూ ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్న మా హాస్టల్ విద్యార్థులకు కూడా చెప్పవలసిన అవసరం ఉండదని ఆయన నమ్మకం, అదే నిజమైంది.

ఆ నాటకంలో నా పని చంద్రుడు. రెండు అంకాల చివరా పగలు ఉన్నట్టుండి పోతుంది, ఒక్క క్షణంలో రాత్రి అవుతుంది, చంద్రుడు లేచి ఆకాశంలో నిలబడతాడు. సాయంకాలాన్ని మెల్లగా, అందంగా దించాలన్న కోరిక లైటింగ్ చేసే ఎవరికైనా ఉంటుంది. బెకెట్ అందుకు వీలు ఇవ్వడు. నెమ్మదిగా చీకటి పడితే ప్రేక్షకులు దాన్ని సూర్యాస్తమయంగా చూసి ఆనందిస్తారు. ఒక్కసారిగా పడితే, ఎదురుచూపులో మరొక రోజు చేతిలోంచి జారిపోయిందని తెలుస్తుంది. ఆరుబయట వేస్తున్నాం కాబట్టి నిజమైన చంద్రుడు పైన ఉంటే నా చంద్రుణ్ని ఎవరూ నమ్మరు. అందుకని కృష్ణపక్షం చూసి తేదీ పెట్టుకున్నాం. స్లైడర్లన్నీ ఒకేసారి కిందికి లాగడానికి ఒక చెక్కపట్టీ తయారు చేయించుకున్నాను. మొదటి అంకం చివర ఆ పట్టీని లాగినప్పుడు వరసల్లోంచి ఒక్క నిట్టూర్పు వినిపించింది, పదిమందిదీ కలిసి ఒకటిగా. రెండో అంకంలో మోడుబారిన చెట్టుకు నాలుగైదు ఆకులు కనిపించగానే ఎవరో చిన్నగా చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద నాటకంలో మారినది ఆ ఆకులే కదా, వాటిని గమనించిన ఆ ప్రేక్షకుడెవరో నేను ఈనాటికీ తెలుసుకోలేకపోయాను, కానీ ఆ చప్పట్లంటే నాకు ఎంతో గౌరవం.

మూడోది మాటలు లేని నాటకం. రచయిత లేకుండా, రిహార్సల్ గదిలో అందరూ కలిసి కదలికలతో అల్లుకున్నది. ఒక కార్యాలయం బయట వరసలో నిలబడ్డవారి మధ్య జరిగే కథ. కొన్ని ఘట్టాలు బాగా వచ్చాయి, చాలా ఘట్టాలు సాగదీతగా ఉన్నాయి. అందరూ కలిసి రాసేటప్పుడు ఎవరి భాగాన్నీ ఎవరూ తీసేయమనలేరు. అందువల్ల తీసేసే అధికారం ఒకరికి ఇవ్వక తప్పదని అందరికీ అర్థమైంది. ఆ అధికారాన్ని తరువాతి నాటకానికి మేము ఒక అమ్మాయికి ఇచ్చాం.

ఆమె తెలుగు సాహిత్య విభాగంలో చదివేది, జూనియర్లందరికీ అక్క. చేస్తే కన్యాశుల్కమే చేస్తానని, అది కూడా అమ్మాయిలతో మాత్రమే చేస్తానని చెప్పింది. గిరీశం, రామప్ప పంతులు, లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు, అందరూ అమ్మాయిలే. తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రలను మగవారే ధరించిన కాలం ఎంత పొడవైనదో మాకు తెలుసు. స్థానం నరసింహారావు సత్యభామగా వయ్యారంగా నడిచి వస్తే ఆడవారే ఆయనను చూసి నేర్చుకోవాలని జనం చెప్పుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడాయన. మరోవైపు బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగస్థలం మీదికి తీసుకువచ్చారు. మా అక్క వాదన ఈ రెండింటికీ అవతలి మాట. ఇన్నాళ్లూ మగవారు ఆడవారిని గమనించి అభినయించారు, ఆడవారు మగవారిని గమనించినది తక్కువేమీ కాదు, ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు ఎలాంటిదో తెలియకుండా మాలో ఎవరు పెరిగారు అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

నాటకాన్ని మళ్లీ చదివినకొద్దీ ఆ ఆలోచనను గురజాడే మా చేతికి అందించినట్లు అనిపించింది. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1909లో పూర్తిగా తిరగరాసిన రూపంలో వెలువడిన ఆ నాటకంలో కథంతా వేషాల మీదే నడుస్తుంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. చివరికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి అసలు సంగతి బయటపెడుతుంది. మా ప్రదర్శనలో ఒక అమ్మాయి కుర్రవాడై, ఆ కుర్రవాడు పెళ్లికూతురయ్యాడు. మరొక అమ్మాయి మధురవాణి అయి, ఆ మధురవాణి మగవాడయింది. డబ్బుకు అమ్ముడుపోతున్న ఆ పెళ్లికూతురు నిజంగా ఎవరన్న ప్రశ్న ప్రేక్షకులకు ప్రతి నిమిషం కళ్ల ముందు ఉండేది.

మీసాలు పెట్టుకోవడానికి అక్క ఒప్పుకోలేదు. కట్టుడు మీసం పెడితే జనం మీసాన్నే చూసి నవ్వుకుంటారని, పాత్రను చూడరని ఆమె అభిప్రాయం. రామప్ప పంతులు వేసిన అమ్మాయి అబద్ధం చెప్పబోయే ముందు లేని మీసం ఉన్న చోటికి బొటనవేలు తీసుకుపోయి ఆపేది. అంతే, ఆ పెద్దమనిషి మొత్తం అందులో కనిపించేవాడు. గిరీశం వేసిన అమ్మాయి ఎక్కడ నిలబడినా సగం బరువు ఒక కాలి మీదే వేసి, ఎప్పుడైనా జారుకోవడానికి సిద్ధంగా ఉన్నట్లు నిలబడేది. రంగస్థలం మీద ఉన్న ఒకే ఒక్క వస్తువు నులకమంచం. గిరీశమూ రామప్ప పంతులూ దాగుకున్న మంచం అదే, పూటకూళ్లమ్మ చీపురుతో చుట్టూ తిరిగిన మంచం అదే. నిలబెడితే అది అగ్రహారంలో ఇంటి తలుపు, ఒక పక్కకు వాల్చితే వెంకమ్మ దూకిన నూతి గట్టు.

వెంకమ్మ నూతిలో దూకే ఘట్టం చదివేటప్పుడు సాధారణంగా మనం అగ్నిహోత్రావధాన్ల కోపాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లిపోతాం. చిన్నకూతురు సుబ్బిని ముసలివాడికి ఇవ్వవద్దని ఒక తల్లి ప్రాణం తీసుకోబోయిందన్న సంగతి నవ్వుల మధ్య మరుగున పడుతుంది. అక్క ఆ చోట నవ్వును ఆపివేసింది. మంచం నులక సందుల్లోంచి వెనుకవైపు దీపం ఒక్కటే వెలగాలని నన్ను అడిగింది. ఆ గళ్ల నీడలు నేలమీద పడి ఉండగా వెంకమ్మ అటు వెళ్లింది. హాలు నిండా కూర్చున్న జనంలో ఒక్కరూ కదలలేదు. ఆ తరువాతి హాస్య ఘట్టానికి నవ్వడానికి వారికి కొంత సమయం పట్టింది, ఆ సమయాన్ని నటులు ఓపికగా ఇచ్చారు. ఏడు అంకాల నాటకాన్ని రెండున్నర గంటలకు కుదించినప్పుడు ఎన్నో మంచి ఘట్టాలు పోయాయి, వాటి కోసం బాధపడిన పెద్దలున్నారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ మీనాక్షి, బుచ్చమ్మ, వెంకమ్మ మాట్లాడే చోట్ల ఒక్క మాట కూడా తీయకూడదని అక్క పెట్టుకున్న నియమం వల్ల, మేము ఎన్నోసార్లు చదివిన నాటకంలో ఎన్నడూ వినని గొంతులు వినిపించాయి.

చివరి ఘట్టం గురించి రిహార్సల్స్‌లో పెద్ద చర్చ జరిగింది. నాటకంలో ఆఖరి మాట గిరీశానిది, అది తెలుగువారందరికీ నోటికి వచ్చిన మాట. ఆ మాటతో నాటకం ముగిస్తే మళ్లీ గిరీశమే గెలిచినట్లు అవుతుందని, మధురవాణి వెళ్లిపోయిన చోటే ఆపుతానని అక్క అంది. గిరీశం వేసిన అమ్మాయికి సహజంగానే బాధ కలిగింది, అయినా ఒప్పుకుంది. ప్రదర్శన రోజున మధురవాణి నడిచి వెళ్లింది, గిరీశం నోరు తెరవబోయి ఆగి నిలబడిపోయాడు. నేను దీపాలు మెల్లగా దించుతున్నాను. అప్పుడు ప్రేక్షకుల మధ్యలోంచి, పెద్ద వయసు మనిషి గొంతు ఒకటి, ఆ ఆఖరి మాటను స్పష్టంగా పలికింది. ఒక్క క్షణం ఆగి హాలంతా గొల్లున నవ్వింది, ఆ వెంటనే చప్పట్లు. దించుతున్న చేతిని ఆపి, రంగస్థలం మీద ఉన్న వెలుతురును అలాగే ఉంచి, ప్రేక్షకుల వైపు ఉన్న దీపాలను పూర్తిగా పెంచాను. నన్ను అలా చేయమని ఎవరూ చెప్పలేదు. గిరీశం వేసిన అమ్మాయి ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి వంగి నమస్కరించింది. మేము తీసేసిన మాటను ప్రేక్షకులు తమ దగ్గర భద్రంగా ఉంచుకున్నారు. ఆ మాట వారిది కూడా.

ప్రతి ప్రదర్శన తరువాతా ప్రేక్షకులతో కూర్చుని మాట్లాడడం ఆ ఏడాది పెట్టుకున్న పద్ధతి. కొన్నిసార్లు అది మొహమాటపు మెచ్చుకోళ్లతో ముగిసేది, కొన్నిసార్లు కటువుగా ఉండేది. కన్యాశుల్కం తరువాత మాత్రం ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. మగపిల్లలు లేకపోవడం లోటుగా ఉందని ఒకాయన అంటే, స్థానం వారి సత్యభామను చూసినప్పుడు ఆ లోటు మీకు కనిపించిందా అని ఆయన పక్కన కూర్చున్న స్త్రీయే అడిగింది. వారిద్దరూ భార్యాభర్తలని తరువాత తెలిసింది. ఆ చర్చ వారి ఇంటికి వెళ్లాక కూడా సాగి ఉంటుందని నేను అనుకుంటాను.

పరీక్షలతో ఆ నాటకాల కాలం ముగిసింది. విద్యార్థి నాటక బృందానికి ఆయుష్షు అంతే. బాగా తయారైన నటులు చదువు పూర్తి చేసుకుని వెళ్లిపోతారు, వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి ఊపిరి పట్టడం నేర్చుకుంటారు. వృత్తి బృందాలకు ఈ కష్టం లేదు. కానీ వృత్తి బృందాలు పోగొట్టుకోవడానికి భయపడే ప్రేక్షకులనూ పేరునూ లెక్కచేయవలసిన అవసరం విద్యార్థులకు లేదు. మేము వేసిన ఏ నాటకాన్నీ టికెట్ల మీద బతికే బృందం ఆ విధంగా వేయడం సాధ్యం కాదని నా నమ్మకం. అందుకే విశ్వవిద్యాలయాల్లో నాటకానికి హాలు ఇవ్వడానికి వెనుకాడేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఇంకెక్కడా చేయలేని పనిని చేయగలిగిన ఒకే చోటు అది.

మా తరువాతి ఏడాది బృందాన్ని చేతిలోకి తీసుకున్న జూనియర్లు మా పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టారు. ఖాళీ రంగస్థలం చాలని, ఇప్పుడు పద్యనాటకం వేస్తామని, తెర కడతామని, హార్మోనియం పెడతామని, రాయబారం సీను ఆడతామని చెప్పారు. మాలో కొందరికి మనస్తాపం కలిగింది. నాకు మాత్రం వారు సరైన పని చేస్తున్నారనే అనిపించింది, ఎందుకంటే మేము సోఫాను వదిలేసినట్లే వారు మా ఖాళీని వదిలేశారు. ఆ ప్రదర్శనకు నేను ప్రేక్షకుడిగా వెళ్లాను. డిమ్మర్ బోర్డు దగ్గర కొత్తగా కూర్చున్న అమ్మాయి నాటకానికి ముందు నా దగ్గరికి వచ్చి, పద్యం అయ్యాక జనం వన్స్ మోర్ అంటే దీపాలను వెనక్కి తీసుకుపోవాలా, ఉన్నచోటే ఉంచాలా అన్నా అని అడిగింది. మా ఏడాదిలో ఎవరికీ ఎదురుకాని ప్రశ్న అది. కాసేపు ఆలోచించి, పద్యం మళ్లీ పాడడం పూర్తయ్యేవరకు ఏ స్లైడరూ కదపవద్దని చెప్పాను. కృష్ణుడు వేసిన కుర్రవాడు ఆ రాత్రి రెండు పద్యాలు మళ్లీ పాడవలసి వచ్చింది, ఆమె బోర్డు మీద చేతులు వేయలేదు.